బీమా కార్డు వెనక ఉన్నదెవరు?

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉంటున్న ఇద్దరు తెలుగువాళ్లను ఊహించుకోండి. ఇద్దరికీ షుగర్, ఇద్దరూ ఇన్సులిన్ మీదే ఉన్నారు. ఇద్దరి పర్సులోనూ ఒకే కంపెనీ పేరున్న బీమా కార్డు ఉంది. ఫార్మసీలో ఒకాయన నెల మందుకు 25 డాలర్లు కట్టి వెళ్లిపోతాడు. రెండో ఆయన్ని మాత్రం డిడక్టిబుల్ ఇంకా పూర్తి కాలేదంటూ అంతకు ఎన్నో రెట్లు అడుగుతారు. ఆయన బీమా కంపెనీకి ఫోన్ చేసి, లైన్లో చాలాసేపు వేచి, చివరికి దొరికిన మనిషితో "మా పక్కింటాయనకు 25కే ఇస్తున్నారు కదండీ" అంటాడు. "మీ ప్లాన్ వేరు సార్" అన్నదొక్కటే జవాబు. ఎందుకు వేరో చెప్పరు.

ఆ ఎందుకు తెలియాలి. రాష్ట్ర అదుపులో ఉన్న బీమా పథకాల్లో నెల ఇన్సులిన్‌కి కోపే 25 డాలర్లు దాటకూడదని టెక్సస్ 2021లో చట్టం చేసింది. మొదటాయన పనిచేసే చిన్న ఆఫీసు బీమా కంపెనీ దగ్గర పాలసీ కొన్నది. ఆ పాలసీ మీద టెక్సస్ మాట చెల్లుతుంది. రెండో ఆయనది వేలమంది పనిచేసే సంస్థ. ఉద్యోగుల వైద్యం ఖర్చు ఆ సంస్థే సొంత డబ్బుతో భరిస్తుంది. అలాంటి ప్లాన్ మీద టెక్సస్‌కి అధికారం లేదు.

అమెరికాలో వైద్య బీమాతో ఏ చిక్కు వచ్చినా ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే: నా ప్లాన్ ఎవరి అదుపులో ఉంది? ఇది తెలియకుండా ఎంత గట్టిగా పోట్లాడినా, మాట వినాల్సిన అవసరం లేనివాళ్లతో పోట్లాడినట్టే అవుతుంది. తెలిస్తే, పైసా ఖర్చు లేకుండా మన తరఫున ఆ కంపెనీని నిలదీసే ప్రభుత్వ ఆఫీసు ఏదో తెలిసిపోతుంది.

రాష్ట్రం చేతికి ఎలా వచ్చింది

ఇండియాలో బీమా అంతటికీ ఒకటే నియంత్రణ సంస్థ, ఐఆర్‌డీఏఐ. అది హైదరాబాద్‌లోనే ఉంది. అమెరికాలో అలా కాదు, ప్రతి రాష్ట్రానికీ సొంత బీమా శాఖ ఉంటుంది. బీమా అంతర్‌రాష్ట్ర వాణిజ్యం కిందికి రాదని 1869లో సుప్రీంకోర్టు పాల్ వర్సెస్ వర్జీనియా కేసులో చెప్పింది. 1944లో అదే కోర్టు మాట మార్చి, వస్తుందంది. మరుసటి ఏడాదే కాంగ్రెస్ మెక్‌కారన్-ఫెర్గ్యుసన్ చట్టం తెచ్చి, బీమా నియంత్రణను రాష్ట్రాల చేతిలోనే ఉంచింది. అందుకే కాలిఫోర్నియాలో ఇన్సూరెన్స్ కమిషనర్‌ని జనం ఓట్లేసి ఎన్నుకుంటారు, టెక్సస్‌లో నియమిస్తారు. అందుకే న్యూజెర్సీలో ఉన్న హక్కు డాలస్‌కి మారగానే ఉండకపోవచ్చు.

తర్వాత 1974లో ఎరిసా అనే కేంద్ర చట్టం వచ్చింది. ప్రధానంగా ఉద్యోగుల పెన్షన్ల కోసం తెచ్చిన ఈ చట్టంలోనే కంపెనీలు ఉద్యోగులకిచ్చే వైద్య పథకాల సంగతీ ఉంది. సొంత డబ్బుతో వైద్య పథకం నడిపే కంపెనీని బీమా కంపెనీగా లెక్కించి దాని మీద రాష్ట్రం బీమా చట్టాలు రుద్దడానికి వీల్లేదని ఆ చట్టం అంటుంది. అలా కంపెనీ సొంత డబ్బుతో నడిపేదాన్నే సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్ అంటారు, బీమా కంపెనీ దగ్గర కొన్న పాలసీ అయితే ఫుల్లీ ఇన్సూర్డ్ అంటారు. ఆఫీసు ద్వారా బీమా పొందే ఉద్యోగుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఇలాంటి ప్లాన్లలోనే ఉన్నారు. పెద్ద టెక్ కంపెనీలు, బ్యాంకులు, పెద్ద రిటైల్ సంస్థల్లో పనిచేసే మనవాళ్లలో చాలామందిది ఇదే పరిస్థితి.

తికమకంతా కార్డు దగ్గరే మొదలవుతుంది. సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్‌లోనూ కార్డు మీద ఏదో పెద్ద బీమా కంపెనీ పేరే ఉంటుంది. పెళ్లిలో వడ్డించేది వంట కాంట్రాక్టరు మనుషులే అయినా ఖర్చు పెళ్లివారిది, మెనూ కూడా వాళ్లు చెప్పిందే. ఇదీ అంతే. బీమా కంపెనీ కాగితాలు చూసి చెల్లింపులు చేస్తుంది. డబ్బు మీ యజమానిది, ఏవి కవర్ చేయాలో ఖరారు చేసేదీ యజమానే.

మీ ప్లాన్ ఏదో తెలుసుకోవడం

టెక్సస్‌లో ఉంటే కార్డు బయటికి తీసి చూడండి. రాష్ట్ర అదుపులో ఉన్న ప్లాన్ కార్డు మీద ‘టీడీఐ’ అనో ‘డీఓఐ’ అనో ఇంగ్లీషు అక్షరాలు ఉండాలని అక్కడ నియమం. అవి కనబడితే టెక్సస్ బీమా శాఖ మీకు అండ. కనబడకపోతే మీది బహుశా సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్ గానీ, మెడికేర్ లాంటి ప్రభుత్వ పథకం గానీ అయి ఉంటుంది.

మిగతా రాష్ట్రాల్లో తేలిక దారి హెచ్‌ఆర్‌కి ఒక ఈమెయిల్. "మన ప్లాన్ బాగుంటుందా" అని అడిగితే ఏమీ తేలదు. సూటిగా ఇలా అడగండి: "మన మెడికల్ ప్లాన్ సెల్ఫ్ ఫండెడా, ఫుల్లీ ఇన్సూర్డా? ఫుల్లీ ఇన్సూర్డ్ అయితే పాలసీ ఏ రాష్ట్రంలో జారీ అయింది? సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ కాపీ పంపగలరా?" ఆ చివరి కాగితం అడిగితే ఇచ్చి తీరాల్సిందే, అది చట్టం. పెద్ద డాక్యుమెంటే కానీ మొత్తం చదవక్కర్లేదు. నిధులు ఎక్కడినుంచి వస్తాయో చెప్పే చోటు, కవర్ కానివాటి జాబితా, అప్పీల్ పద్ధతి, ఈ మూడూ చూస్తే చాలు.

రెండో ప్రశ్న ఎందుకంటే, చాలావరకు మీరు నివసించే రాష్ట్రం చట్టం కాకుండా పాలసీ జారీ అయిన రాష్ట్రం చట్టమే వర్తిస్తుంది. న్యూజెర్సీ కంపెనీకి డాలస్ నుంచి రిమోట్‌గా పనిచేసేవాళ్లకు ఇది బాగా తేడా చేస్తుంది. సంతానం కోసం ఐవీఎఫ్ చేయించుకోవాలనుకునే దంపతులే దీనికి ఉదాహరణ. న్యూజెర్సీలో రాష్ట్ర అదుపులో ఉండే, యాభై మందికి పైగా ఉద్యోగులున్న కంపెనీల పాలసీలు సాధారణంగా సంతానలేమి చికిత్సను కవర్ చేయాలి. టెక్సస్‌లో బీమా కంపెనీ ఐవీఎఫ్ కవరేజీని యజమానికి ఇవ్వజూపితే చాలు, యజమాని వద్దంటే అక్కడితో సరి. వేల డాలర్ల ఖర్చున్న విషయం కాబట్టి ఉద్యోగం మారేముందు జీతం, బోనస్ చూసినంత శ్రద్ధగా ఇదీ చూసుకోవాలి. ఆటిజం ఉన్న పిల్లలకు థెరపీ విషయంలోనూ అంతే. దాని కవరేజీ గురించి రాష్ట్రాలు చట్టాలు చేశాయి కానీ సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లకు అవి వర్తించవు. పిల్లవాడి థెరపీ మధ్యలో ఉండగా కంపెనీ మారాలనుకుంటే, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేలోపే కొత్త కంపెనీ ప్లాన్ పత్రం అడిగి తీసుకోండి. అడగడానికి మొహమాటపడొద్దు.

‘డినైడ్’ అని వచ్చినప్పుడు

ఈ అధ్యాయంలో మిగతావి మరిచిపోయినా ఇది గుర్తుంచుకోండి.

ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్ అయిన హెల్త్‌కేర్ డాట్ గవ్ ద్వారా అమ్మిన ప్లాన్లలో, నెట్‌వర్క్‌లో ఉన్న డాక్టర్లు, ఆసుపత్రులు పంపిన క్లెయిములే 2023లో ఐదింట ఒక వంతు దాకా తిరస్కరణకు గురయ్యాయి. అలా తిరస్కరించిన వాటిలో అప్పీల్‌కి వెళ్లినవి నూటికి ఒకటి కూడా లేవు. వెళ్లినవాటిలో నూటికి నలభైకి పైగా కంపెనీ తన నిర్ణయం మార్చుకుంది. ఈ లెక్క చదివిన ప్రతిసారీ నాకు బాధేస్తుంది. రావాల్సిన డబ్బు వదిలేసి, క్రెడిట్ కార్డు మీద బిల్లు కట్టేసి, "ఇక్కడింతే" అని సర్దుకుపోతున్న కుటుంబాలు ఎన్నో. వీసా మీద ఉన్నాం కదా, ఫిర్యాదు చేస్తే ఏమవుతుందోనని జంకేవాళ్లూ మనలో ఉన్నారు. బీమా అప్పీల్‌కీ వీసాకీ సంబంధం లేదు. అది మీరు కట్టిన ప్రీమియంతో వచ్చిన హక్కు.

ముందు మీ చేతికి వచ్చే కాగితం ‘ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్’, ఈఓబీ అంటారు. అది బిల్లు కాదు. ఆసుపత్రి వేసిన మొత్తం, కంపెనీ ఒప్పుకున్న రేటు, కంపెనీ కట్టింది, మీరు కట్టాల్సింది వరసగా గడుల్లో ఉంటాయి. పక్కనే ఒక చిన్న అంకో అక్షరమో, పేజీ కింద దాని అర్థమూ ఉంటాయి. చూడాల్సింది అదే. ‘ప్రయర్ ఆథరైజేషన్ లేదు’ అని ఉంటే అది డాక్టరు ఆఫీసు పొరపాటు కావచ్చు, వాళ్లే సరిచేసి మళ్లీ పంపగలరు. కోడ్ తప్పో, పుట్టిన తేదీ తప్పో అయితే అదీ ఫోన్‌తో తేలిపోయేదే. మన పేర్లలో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండటం వల్ల ఇలాంటివి వస్తుంటాయి, అది కూడా చూసుకోండి. ‘మెడికల్లీ నెసెసరీ కాదు’ అని ఉంటే మాత్రం పోరాడాలి. మీ డాక్టరు అవసరమన్న చికిత్సను, మిమ్మల్ని ఎప్పుడూ చూడనివాళ్లు అక్కర్లేదంటున్నారన్నమాట.

తిరస్కరణ అందిన రోజు నుంచి 180 రోజుల్లోగా అప్పీల్ చేయవచ్చు. అంత టైముంది కదా అని పక్కన పెట్టకండి, ఈలోగా ఆసుపత్రి మీ బిల్లును కలెక్షన్స్‌కి పంపే ప్రమాదం ఉంది. బిల్లింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి "అప్పీల్‌లో ఉంది, అకౌంట్ హోల్డ్‌లో పెట్టండి" అని చెప్పండి, ఈమెయిల్ కూడా పెట్టండి. తర్వాత, ఏ ఆధారంతో కాదన్నారో ఆ మార్గదర్శకాలతో సహా మీ క్లెయిమ్ ఫైలు మొత్తం ఉచితంగా పంపమని బీమా కంపెనీని అడగండి. ఆ హక్కు మీకుంది. అది చేతికొచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్లండి. "కంపెనీ ఈ రూలు చూపించింది, మా కేసు ఈ రూలుకి ఎలా సరిపోతుందో రాసివ్వండి" అని అడిగితే వచ్చే ఉత్తరానికీ, "ఈ పేషెంటుకి ఇది అవసరం" అని ఒక్క లైన్లో రాసిచ్చే ఉత్తరానికీ హస్తిమశకాంతరం ఉంటుంది. డాక్టరు నేరుగా కంపెనీ డాక్టరుతో ఫోన్లో మాట్లాడే వీలూ ఉంది, పీర్-టు-పీర్ అంటారు. అడిగితే చాలామంది డాక్టర్లు చేస్తారు.

మీ ఉత్తరం పొడుగ్గా ఉండక్కర్లేదు. క్లెయిమ్ నంబరు, తేదీ, కంపెనీ చెప్పిన కారణం, ఆ కారణం ఎందుకు తప్పో, జతచేసిన కాగితాల జాబితా ఉంటే సరిపోతుంది. కోపం అందులో పెట్టకండి. ఫోన్ చేసిన ప్రతిసారీ ఎవరితో మాట్లాడారో, ఏ తేదీనో, రిఫరెన్స్ నంబరెంతో ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. చికిత్స ఇంకా జరగకపోతే కంపెనీ సాధారణంగా 30 రోజుల్లోగా తేల్చాలి. అయిపోయిన చికిత్సకు 60 రోజులు. ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చే పరిస్థితిలో 72 గంటలు.

కంపెనీ మళ్లీ కాదంటే ఎక్స్‌టర్నల్ రివ్యూ ఉంది. కంపెనీతో సంబంధం లేని వైద్య నిపుణులు మీ ఫైలు చూస్తారు. వాళ్లు మీ పక్షాన తీర్పిస్తే కంపెనీ దానికి కట్టుబడి కట్టాల్సిందే. సాధారణంగా దీనికి నాలుగు నెలల గడువు ఉంటుంది. సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లలో ఉన్నవాళ్లకు కూడా, పాత ‘గ్రాండ్‌ఫాదర్డ్’ ప్లాన్లు తప్పిస్తే, కేంద్ర చట్టం కింద ఈ హక్కుంది. అయితే ఒక పరిమితి: వైద్య అవసరం గురించో, ఇది ప్రయోగ దశలో ఉన్న చికిత్స అన్న కారణం గురించో అయితే ఇది పనిచేస్తుంది. పాలసీలో ఫలానాది కవర్ కాదని ముందే స్పష్టంగా రాసి ఉంటే దీనివల్ల లాభం ఉండదు.

కాలిఫోర్నియాలో దీన్ని ఇండిపెండెంట్ మెడికల్ రివ్యూ అంటారు. అక్కడ హెచ్‌ఎంఓలతో పాటు చాలా ప్లాన్లను చూసేది డిపార్ట్‌మెంట్ ఆఫ్ మేనేజ్డ్ హెల్త్ కేర్, మిగిలినవాటిని ఇన్సూరెన్స్ కమిషనర్ ఆఫీసు చూస్తుంది. మొదటి ఆఫీసుకి రివ్యూ కోసం వెళ్లినవాళ్లలో సుమారు 70 శాతం మందికి అడిగిన చికిత్స దక్కుతోంది. కొన్ని కేసుల్లో దరఖాస్తు పడగానే కంపెనీయే వెనక్కి తగ్గుతుంది. రాష్ట్ర అదుపులోని ప్లాన్‌తో బే ఏరియాలో ఉంటూ ఇది వాడుకోకపోతే చేజేతులా వదులుకున్నట్టే.

రివ్యూ వేరు, ఫిర్యాదు వేరు. క్లెయిమ్ నెలల తరబడి నానుస్తుంటే, నెట్‌వర్క్‌లో ఉన్నట్టు వెబ్‌సైట్‌లో చూపించిన డాక్టరు తీరా వెళ్తే లేరంటే, ఫోన్లో ఒకటి చెప్పి కాగితంలో ఇంకొకటి రాస్తే, రాష్ట్ర బీమా శాఖ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు ఇవ్వండి. లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు. శాఖ ఆ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడుతుంది. మనకు ఫోన్లో కూడా దొరకని కంపెనీ, లైసెన్సు ఇచ్చిన శాఖ అడిగితే గడువులోగా కాగితం మీద సమాధానం రాస్తుంది.

సెల్ఫ్ ఫండెడ్ వాళ్లు వెళ్లాల్సింది కేంద్ర కార్మిక శాఖలోని ఉద్యోగుల ప్రయోజనాల విభాగానికి. నంబరు 866-444-3272. అక్కడి బెనిఫిట్స్ అడ్వైజర్లు ఉచితంగా మాట్లాడతారు, అవసరమైతే మీ కంపెనీతోనూ మాట్లాడతారు. అంతకుముందే హెచ్‌ఆర్‌లో బెనిఫిట్స్ చూసే మనిషిని కలవండి. కట్టేది యజమాని డబ్బే కాబట్టి, ప్లాన్ నిర్వాహకుల మీద అతని మాటకు బీమా కంపెనీ కాల్‌సెంటర్ మాటకన్నా ఎక్కువ బరువుంటుంది.

ఎమర్జెన్సీ బిల్లులు, చిన్న కన్సల్టెన్సీలు

ఒక విషయంలో మాత్రం అందరికీ ఒకటే రక్ష. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం రెండు రకాల ప్లాన్లకీ వర్తిస్తుంది. ఎమర్జెన్సీలో ఏ ఆసుపత్రికి వెళ్లినా, నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగితే మీరు ఎంచుకోని మత్తు డాక్టరు నెట్‌వర్క్ బయటివాడైనా, మీ వాటా నెట్‌వర్క్ లెక్కనే ఉండాలి. రోడ్డు మీద వచ్చే అంబులెన్సు ఇందులో లేదు. ఆ లోటును కొన్ని రాష్ట్రాలు తమ అదుపులోని ప్లాన్ల వరకు పూడ్చాయి, కాలిఫోర్నియాలో 2024 జనవరి నుంచి అలాంటి చట్టం ఉంది.

ఉద్యోగం పోయినప్పుడు ఆఫీసు బీమాను కొనసాగించుకోనిచ్చే కోబ్రా చట్టం గురించి అందరూ చెబుతారు. ఇరవై మందికి తక్కువ ఉద్యోగులున్న కంపెనీకి ఆ కేంద్ర చట్టం వర్తించదని చెప్పేవాళ్లు తక్కువ. మనవాళ్లు చాలామంది పనిచేసే చిన్న కన్సల్టెన్సీలు ఈ కోవలోకే వస్తాయి. అక్కడ రాష్ట్రమే దిక్కు. కాలిఫోర్నియాలో ఇద్దరి నుంచి 19 మంది దాకా ఉన్న కంపెనీల ఉద్యోగులకు కాల్-కోబ్రా కింద 36 నెలల వరకు పాత బీమా కొనసాగించుకోవచ్చు, ప్రీమియం మీరే కట్టాలి. టెక్సస్‌లో కోబ్రా రానివాళ్లకు రాష్ట్ర చట్టం కింద తొమ్మిది నెలలు. ఇవన్నీ బీమా కంపెనీ నుంచి కొన్న పాలసీలకే. ఇవేవీ కుదరకపోతే, బీమా పోయిన 60 రోజుల్లోగా మార్కెట్‌ప్లేస్‌లో ప్లాన్ కొనుక్కోవచ్చు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోయాక దొరికే గ్రేస్ పీరియడ్ కూడా గరిష్ఠంగా 60 రోజులే కావడంతో, ఆ హడావిడిలో బీమా సంగతి మరుగున పడుతుంది. గర్భిణి ఉన్న ఇంట్లో అయితే కొత్త ఉద్యోగం వెతుకులాట మొదలుపెట్టిన రోజే దీన్నీ చూడండి.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు

ప్రసవానికో, మనవడి పుట్టినరోజుకో వచ్చే తల్లిదండ్రులకు కొనే విజిటర్ ఇన్సూరెన్స్ ఇప్పటిదాకా చెప్పుకున్న రక్షణల్లో చాలావాటికి బయటే ఉంటుంది. ముందునుంచి ఉన్న జబ్బుల పేరుతో కాదనకూడదన్న నియమం దానికి లేదు. అందుకే ధర ఒక్కటీ చూసి కొనకండి. ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్ అంటే ఆసుపత్రిలో రోజుకింత, ఆపరేషన్‌కింత అని ముందే గీత గీసి ఉంటుంది. అమెరికా బిల్లు ఆ గీతను దాటిపోయాక మిగిలినదంతా మీదే. కాంప్రహెన్సివ్ ప్లాన్ ఖరీదెక్కువ కానీ, డిడక్టిబుల్ తర్వాత బిల్లులో శాతం లెక్కన, గరిష్ఠ పరిమితి దాకా కడుతుంది. నాన్నగారికి బీపీ, షుగర్ ఉన్నా, ఇదివరకు స్టెంట్ వేసి ఉన్నా ‘అక్యూట్ ఆన్‌సెట్ ఆఫ్ ప్రీ-ఎగ్జిస్టింగ్ కండిషన్’ అన్న క్లాజును వెతికి చదవండి. హఠాత్తుగా గుండెనొప్పి వస్తే ఎంతవరకు కడతారో, ఏ వయసు దాటితే ఆ మొత్తం తగ్గుతుందో, ఎన్ని గంటల్లోగా ఆసుపత్రికి చేరాలో అందులోనే ఉంటుంది.

గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రుల పరిస్థితి వేరు. వాళ్లు మార్కెట్‌ప్లేస్‌లో మామూలు ప్లాన్ కొనుక్కోవచ్చు, పాత జబ్బుల పేరు చెప్పి కాదనడం అక్కడ కుదరదు. 65 ఏళ్లు నిండి, ఇక్కడ వరుసగా ఐదేళ్లు ఉన్నాక ప్రీమియం కట్టి మెడికేర్‌లో చేరవచ్చు. ఈ తేడా తెలియక గ్రీన్ కార్డు చేతిలో ఉన్న పెద్దవాళ్లకు కూడా ఏటేటా విజిటర్ పాలసీయే కొనిస్తుంటే, అవసరమైనప్పుడు అది అక్కరకు రాదు.

యూనివర్సిటీ ప్లాన్ వద్దని, వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే చవక ప్లాన్ చూపించి వేవర్ తీసుకునే విద్యార్థులకూ ఇదే మాట. కొనేముందు ఆ ప్లాన్ ఏ రాష్ట్ర బీమా శాఖ దగ్గర నమోదైందో అడగండి, ఆ శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి లైసెన్సు ఉందో లేదో చూడండి. హెల్త్ షేరింగ్ పేరుతో నడిచే సంఘాలు బీమా కిందికి రావు. చాలా రాష్ట్రాలు వాటిని బీమా చట్టాల నుంచి మినహాయించాయి. అవి డబ్బు ఇవ్వకపోతే ఫిర్యాదుకు చోటు దొరకడం కష్టం.

ఏ బీమా లేకపోయినా ఎమర్జెన్సీ అయితే ఆసుపత్రికి వెళ్లడం ఆపకండి. 1986 నాటి కేంద్ర చట్టం ప్రకారం మెడికేర్ తీసుకునే ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగం మనిషిని పరీక్షించి, ప్రమాదం తప్పేదాకా వైద్యం చేయాలి, డబ్బు మాట తర్వాతే. బిల్లు వచ్చాక వెంటనే కార్డు గీయకుండా, ‘ఫైనాన్షియల్ అసిస్టెన్స్’ దరఖాస్తు ఇమ్మని అడగండి. లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నింటికీ రాతపూర్వకంగా అలాంటి విధానం ఉండి తీరాలి. దాంతోపాటు ఐటమైజ్డ్ బిల్లు కూడా తీసుకుని, చేయని పరీక్షలు అందులో ఉన్నాయేమో ఒక్కో లైనూ చూసి టిక్కు పెట్టుకోండి.